పేరు కాదు, పలక అంచు చూడండి: పాత ఆర్చ్‌టాప్ గిటారును గుర్తుపట్టడం, వెలకట్టడం

(అనంతపురంలో సంగీతాభిమానుల ఎదుట ఒక వాద్య మరమ్మతుదారు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ఈ బల్ల మీద దుప్పటి పరిచి పడుకోబెట్టిన గిటారును మీలో చాలామంది లోపలికి వస్తూనే చూశారు. కొందరు దగ్గరికి వచ్చి, దాని తల మీద బంగారు రంగు అక్షరాల్లో ఉన్న గిబ్సన్ అనే అమెరికా కంపెనీ పేరు చదివి, పక్కవాళ్ల చెవిలో ఏదో చెప్పుకోవడం నేను గమనించాను. ఆ పేరు అబద్ధం. గిటారు మాత్రం నిజమైనది, మంచిది కూడా. ఈ రెండు మాటలూ ఒకే వాద్యం విషయంలో ఎలా పొసుగుతాయో చెప్పడానికే మీరు నాకు ఈ సాయంత్రం ఒక గంట ఇచ్చారని అనుకుంటాను.

ఇది గుంతకల్లు రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన ఒక కుటుంబానిది. ఆ ఇంటి పెద్దాయన ఇంజను డ్రైవరు. డ్యూటీ లేని రాత్రులు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో జరిగే డాన్సులకు గిటారు వాయించేవారట. ఆయన పోయిన తరువాత అది పెట్టెతో సహా బీరువా మీదికి ఎక్కింది, చాలా ఏళ్లు అక్కడే ఉండిపోయింది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మనవడు దాన్ని దించి, బస్సులో ఒళ్లో పెట్టుకుని నా దగ్గరికి తెచ్చాడు. పెట్టె మూత తీయకముందే అడిగాడు: "అన్నా, అమ్మితే ఎంతకు పోతాదన్నా?" "ఇదేందో తెలియకుండా ఎంతకు పోతాదో ఎట్ల చెప్పేదబ్బా, ముందు ఇదేందో చూద్దాం పట్టు" అన్నాను. వెల కట్టమని వచ్చే ప్రతి ఒక్కరితోనూ నేను అనే మాట ఇదే. గుర్తుపట్టడం పూర్తికాకుండా వెలకట్టడం మొదలుపెడితే, అమ్మేవాడో కొనేవాడో ఎవరో ఒకరు మోసపోవడం ఖాయం.

వీణ నేర్చుకునే పిల్లలు ముందు వరుసలో ఉన్నారు కాబట్టి ఆర్చ్‌టాప్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెబుతాను. మనం రోజూ చూసే గిటారు పైపలక బల్లపరుపుగా ఉంటుంది, మధ్యలో గుండ్రటి రంధ్రం ఉంటుంది, బ్రిడ్జి ఆ పలకకే అతికి ఉంటుంది. ఆర్చ్‌టాప్‌కు పైపలక వయొలిన్‌కు ఉన్నట్టుగా నడుమ ఉబ్బి అంచులకు వాలుతుంది. మంచి వాటిలో వెనక పలక కూడా అంతే. గుండ్రటి రంధ్రానికి బదులు ఇరువైపులా ఎఫ్ అక్షరం ఆకారంలో రెండు చీలికలుంటాయి. తీగలు అడుగు అంచున బిగించిన లోహపు టెయిల్‌పీస్‌కు తగులుకుని, బ్రిడ్జి మీదుగా పైకి వెళతాయి. ఆ బ్రిడ్జిని, అంటే మీ వీణ గుర్రం చేసే పని చేసేదాన్ని, పలకకు అతికించరు. తీగల ఒత్తిడే దాన్ని నిలబెడుతుంది. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి, దానితో తరువాత పని ఉంది.

ఈ ఆకారానికి మూలపురుషుడు ఆర్విల్ గిబ్సన్. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని కలమజూ పట్టణంలో వాద్యాలు చేస్తూ, పలకను వంచకుండా చెక్కి ఉబ్బు తెచ్చే పద్ధతితో చేసిన మాండొలిన్‌కు ఆయన 1898లో పేటెంటు పొందాడు. ఆయన పేరుతో 1902లో కంపెనీ ఏర్పడింది. ఆ కంపెనీలో 1919 నుంచి 1924 వరకు పనిచేసిన లాయిడ్ లోర్ అనే వాద్య నిపుణుడి కాలంలో, 1922లో, ఎఫ్ రంధ్రాలున్న ఎల్-5 గిటారు వచ్చింది. అంతకు ముందు గిబ్సన్ చేసిన ఆర్చ్‌టాప్‌లకు గుండ్రటి రంధ్రమో కోడిగుడ్డు ఆకారపు రంధ్రమో ఉండేది కనుక, ఎఫ్ రంధ్రం లేనంత మాత్రాన ఆర్చ్‌టాప్ కాదనుకోకూడదు. మైకులు, యాంప్లిఫయర్లు అందుబాటులో లేని ఆ రోజుల్లో డ్రమ్ముల మధ్య, బూరల మధ్య గిటారు వినబడాలంటే శబ్దం సూటిగా ముందుకు దూసుకు రావాలి. ఆర్చ్‌టాప్ ఆ పని చేసి డాన్సు బృందాల్లో బాంజోను పక్కకు నెట్టింది. శబ్దం కోసం ఒళ్లు కూడా పెంచారు: మొదటి ఎల్-5 వెడల్పు 16 అంగుళాలు, 1930ల నడుమ అది 17 అయింది, 1934లో వచ్చిన సూపర్ 400 వెడల్పు 18 అంగుళాలు. దాని పేరులోని 400 అప్పటి ధర, డాలర్లలో. బోస్టన్‌లో స్ట్రాంబర్గ్ అనే గిటారు తయారీదారు 19 అంగుళాల దాకా వెళ్లాడు. అందుకే పాత ఆర్చ్‌టాప్ చేతికి రాగానే నేను తీసే మొదటి పనిముట్టు కొలత టేపు. అయితే టేపును ఉబ్బు మీదుగా వంచి కొలవకూడదు; వెనక్కి తిప్పి, కింది భాగం అతి వెడల్పుగా ఉన్నచోట రెండు పుస్తకాలను ఇరువైపులా నిలబెట్టి వాటి మధ్య దూరం కొలవాలి. వంపు మీదుగా కొలిచి 16ను 17 అని రాసి పంపినవాళ్లను నేను చూశాను. ఆ ఒక్క అంగుళంతో మోడల్ మారిపోతుంది.

ఇక అసలు విషయం: ఆ ఉబ్బు ఎలా వచ్చింది? బొబ్బిలి వీణలో ఏకాండికి ఉన్న గౌరవం మీకు తెలుసు. ఒకే పనస మాను నుంచి కుండ, దండి అన్నీ తొలిచి తీసిన వీణకూ, ముక్కలు అతికించి చేసిన వీణకూ మధ్య ఉన్న తేడా లాంటిదే ఆర్చ్‌టాప్‌లో చెక్కిన పలకకూ, నొక్కిన పలకకూ, ప్లైవుడ్ పలకకూ మధ్య ఉంటుంది. పోలిక పూర్తిగా కుదరదు, ఎందుకంటే చెక్కిన పలక కూడా సాధారణంగా రెండు ముక్కలదే: స్ప్రూస్ అనే చెక్క దిమ్మెను నిలువునా చీల్చి, పుస్తకం తెరిచినట్టు తెరిచి, నడుమ అతికించి, ఆ మందపాటి పలక నుంచి ఉలితోనూ చిత్రికతోనూ లోపలా వెలుపలా తొలుస్తూ ఉబ్బు తెస్తారు. నడుమ మందంగా, అంచుల దగ్గర పలచగా వస్తుంది. వెనక పలకకూ పక్కలకూ మేపుల్ అనే చెక్క వాడతారు. ఇది రోజుల తరబడి సాగే చేతిపని. దీనికన్నా చౌకైన దారి, ఒంటి స్ప్రూస్ పలకను వేడిచేసి అచ్చులో నొక్కి ఉబ్బించడం. అన్నిటికన్నా చౌక, మూడు పొరల ప్లైవుడ్‌ను అచ్చులో నొక్కి ఉబ్బించడం. ముప్పై అడుగుల దూరం నుంచి మూడూ ఒకేలా ఉంటాయి.

దగ్గర నుంచి ఎలా తెలుసుకోవాలి? ధర్మవరం చీర కొనే పెద్దవాళ్లు పైట చూసి మురిసిపోరు, చీర తిరగేసి నేత చూస్తారు. ఇక్కడ ఆ తిరగేసి చూసే చోటు ఎఫ్ రంధ్రం అంచు. ఈ గిటారు తీసుకుని, ఫోన్ టార్చిని పక్కనుంచి ఇలా పట్టండి. పైపలక మీద సన్నని గీతలు, స్ప్రూస్ నార, తల వైపు నుంచి అడుగు వైపుకు నడుస్తున్నాయి కదా. ఆ గీతలు రంధ్రం అంచున ఆగిపోకుండా పలక మందంలోకి కిందిదాకా దిగితే అది ఒంటి చెక్క. అంచులో నడుమ ఒక అడ్డపొర, పైనా కిందా రెండు సన్న పొరలు కనబడితే ప్లైవుడ్. అంచుకు నల్లరంగు పూసి ఉన్నా, తెల్లటి బైండింగ్ పట్టీ అతికించి ఉన్నా, దంతవైద్యులు వాడే చిన్న అద్దాన్ని రంధ్రంలో దించి లోపలి ముఖం చూడాలి. బయట కనబడే ఒక ముడి గానీ నార వంపు గానీ లోపల సరిగ్గా అదే చోట కనబడితే ఒంటి చెక్క. బయట చక్కటి స్ప్రూస్, లోపల మరో జాతి చెక్క కనబడితే ఇక వాదన అక్కరలేదు. చెక్కినదా నొక్కినదా అన్నది ఇంకొంచెం సూక్ష్మం. నొక్కిన పలక మందం అంతటా ఒకేలా ఉంటుంది. చెక్కిన పలక మందం చోటుచోటుకూ మారుతుంది, పాత వాటిలో లోపలి ముఖాన ఉలి జాడలు కూడా వేలికి తగులుతాయి. వెనక పలక విషయంలో మరో మోసం ఉంది. మేపుల్‌కు సహజంగా ఉండే పులిచారల నిగనిగను, చవక గిటార్ల మీద బర్చి చెక్కపై రంగుతో చిత్రించేవారు. గిటారును వెలుతురులో అటూ ఇటూ తిప్పితే నిజమైన చార కదులుతున్నట్టు కనబడుతుంది, బొమ్మచార ఉన్నచోటే ఉంటుంది.

ప్లైవుడ్ అనగానే మొహం చిట్లించేవాళ్లున్నారు, నేనూ ఒకప్పుడు వాళ్లలో ఒకడినే. గిబ్సన్ 1949లో తెచ్చిన ఈఎస్-175 పలక మేపుల్ ప్లైవుడే, కావాలనే అలా చేశారు. తీగల కదలికను యాంప్లిఫయరుకు అందించే విద్యుత్ పికప్ పెట్టినప్పుడు చెక్కిన పలక అతిగా మోగి ఊళ పెడుతుంది, ప్లైవుడ్ అంతగా పెట్టదు. జాజ్ వాయించేవాళ్లు దానికి నేటికీ మంచి ధర పెడతారు. కనుక పలక రకం చెప్పేది గిటారు ఏ వంశానిదో. మంచిదా చెడ్డదా అన్నది వేరే ప్రశ్న.

పేరు దగ్గరికి వద్దాం. 1991కి ముందు కొన్ని దశాబ్దాల పాటు మన దేశంలోకి విదేశీ వాద్యాలు రావడం లైసెన్సులూ సుంకాలూ దాటుకుని వచ్చే వ్యవహారం. కలకత్తాలో తయారైన గిబ్‌టోన్, గివ్‌సన్ లాంటి గిటార్లు ఆ ఖాళీని పూరించాయి. ఎఫ్ రంధ్రాల గిటార్లు కూడా వాటిలో ఉన్నాయి, మన ఊళ్లలో గిటారు నేర్చుకున్న రెండు తరాలు వాటి మీదే వేళ్లు కోసుకున్నాయి. వాటిని తక్కువ చేయను. అయితే అదే కాలంలో పెయింటరు దగ్గరికి వెళ్లి తమ గిటారు తల మీద ఇష్టమైన కంపెనీ పేరు రాయించుకోవడం కూడా ఉండేది, లారీ వెనక పేరు రాయించుకున్నట్టు. అందులో మోసం చేయాలన్న ఉద్దేశం చాలాసార్లు ఉండదు, ముచ్చట ఉంటుంది. యాభై ఏళ్లు గడిచాక, ముచ్చట తీర్చుకున్న మనిషి లేక, రాత మాత్రం మిగిలినప్పుడు చిక్కు వస్తుంది. ఈ గిటారు తల చూడండి. ఈ అక్షరాలు మెరుగు పూత పైన ఉన్నాయి. గోటితో రాస్తే వాటి మందం తెలుస్తుంది. గిబ్సన్ ఖరీదైన గిటార్లలో పేరును ముత్యపు చిప్ప ముక్కలతో చెక్కలోకి పొదుగుతారు, దాని మీద గోరు నున్నగా జారిపోతుంది. ఆ కంపెనీ పేరు రాసే తీరు కూడా కాలంతో మారింది: యుద్ధానికి ముందు కలిపిరాత, 1940ల చివరి నుంచి నిటారైన అచ్చు అక్షరాలు. ఇక్కడ కలిపిరాతా కాదు, అచ్చూ కాదు. అంతకన్నా పెద్ద ఆధారం, తల మీద ఉండాల్సిన చిన్న గంట ఆకారపు మూత ఇక్కడ లేదు. నెక్, అంటే గిటారు మెడ, దాని లోపలి ఇనుప కడ్డీని సవరించే మర నట్టును ఆ మూత దాస్తుంది. ఆ కడ్డీ ఏర్పాటుకు గిబ్సన్ 1923లో పేటెంటు పొందింది.

మరి ఇది ఎక్కడిది? తల మొదట్లో తీగలు గాళ్లలో కూర్చునే సన్నని పట్టీని నట్ అంటారు; దాని పక్కనే, మొదటి మెట్టుకు ముందు, మరో మెట్టు ఉంది చూశారా. దాన్ని జీరో ఫ్రెట్ అంటారు. ఒత్తని తీగ కూడా లోహం మీదే ఆనుతుంది. అమెరికాలోనూ కొందరు దీన్ని వాడారు కనుక ఈ ఒక్క గుర్తుతో తేల్చేయలేం. బ్రిడ్జి చూడండి: చెక్క బ్రిడ్జి పైన చిన్న చిన్న గాళ్లు, వాటిలో మెట్ల తీగ నుంచి కోసిన లోహపు ముక్కలు, ఒక్కో తీగకు ఒక్కో ముక్క, శృతి సరిచేసుకోవడానికి ముందుకూ వెనక్కూ మార్చుకునేలా. దీన్ని చూడగానే నాకు జర్మనీ గుర్తొచ్చింది. హోఫ్నర్ కంపెనీ బ్రిడ్జిలకు ఇది ముద్ర లాంటిది. కార్ల్ హోఫ్నర్ 1887లో షోన్‌బాక్‌లో మొదలుపెట్టిన ఆ కంపెనీ రెండో ప్రపంచ యుద్ధం తరువాత బవేరియాలోని బూబెన్‌రాయిట్‌కు తరలింది. 1950లలో లండన్‌లోని సెల్మర్ సంస్థ ద్వారా సెనేటర్, ప్రెసిడెంట్, కమిటీ అనే పేర్లతో వాళ్ల ఆర్చ్‌టాప్‌లు బ్రిటన్‌కు వచ్చాయి. ఒక కాలు రైల్వే కాలనీలో, ఒక కాలు ఇంగ్లండులోని బంధువుల ఇళ్లలో ఉన్న కుటుంబాలు గుంతకల్లులో చాలా ఉండేవి. అలాంటి ఇంటికి అలాంటి గిటారు చేరడంలో వింత లేదు. అయినా అది నా ఊహ మాత్రమే, ఆధారం కాదు. ఆధారం కోసం ఎఫ్ రంధ్రంలోంచి చూశాను. లోపల కాగితం చిరిగి సగమే మిగిలింది, కానీ మిగిలిన సగంలో మోడల్ పేరు చివరి అక్షరాలు ఉన్నాయి. అవి ప్రెసిడెంట్‌కు సరిపోయాయి, పలక వెడల్పూ టెయిల్‌పీస్ ఆకారమూ కూడా సరిపోయాయి.

లేబుళ్లు, నంబర్ల గురించి ఇక్కడే కొంచెం చెప్పుకోవాలి. గిబ్సన్ 1947 నుంచి 1961 వరకు మంచి రకం గిటార్లకు ఇంగ్లీషు 'A' అక్షరంతో మొదలయ్యే నంబరును లోపలి లేబుల్ మీద రాసేది. 1950ల నడుమ వరకు ఆ లేబుల్ తెల్లగా ఉండేది, ఆ తరువాత నారింజ రంగుకు మారింది. 1960లలో తల వెనక గుద్దిన నంబర్లు ఒకటే పలుమార్లు వాడారు కాబట్టి, ఆ దశాబ్దపు గిటారును నంబరుతో మాత్రమే ఏ ఏటిదో తేల్చడం తెలివి తక్కువ పని. 1977 నుంచి ఎనిమిది అంకెలు: మొదటిదీ అయిదోదీ కలిపితే సంవత్సరం, రెండు నుంచి నాలుగు వరకు ఆ ఏడాదిలో ఎన్నో రోజు అన్నది. లాయిడ్ లోర్ సంతకం, తేదీ ఉన్న లేబుల్ ఎల్-5 లోపల కనబడితే, దయచేసి మూత మూసి, ఎవరికీ చెప్పకుండా, ముందు నాకు ఫోను చేయండి. న్యూయార్క్‌లో జాన్ డి'ఆంజెలికో 1932 నుంచి 1964లో చనిపోయే వరకు ఒక చిన్న దుకాణంలో చేసిన గిటార్లు పన్నెండు వందల లోపే. ప్రతిదానికీ నంబరు వేసి పుస్తకంలో రాసుకున్నాడు కాబట్టి వాటి వంశవృక్షం దాదాపు తెలిసిందే. చికాగోలో హార్మొనీ ఫ్యాక్టరీ చేసిన లక్షల చౌక గిటార్లలో మాత్రం, లోపలి వెనక పలక మీద సిరాముద్రతో ఎఫ్ లేక ఎస్ అక్షరం, పక్కన రెండంకెలు ఉంటాయి. ఆ అంకెలే సంవత్సరం. ఖరీదైన దానికన్నా చౌకదానికి తేదీ తెలుసుకోవడం సులభం కావడం ఈ వృత్తిలోని తమాషాల్లో ఒకటి.

నంబరు ఒక మాట చెబితే, మరలు ఇంకో మాట చెప్పవచ్చు. ఫిలిప్స్ స్క్రూ, అంటే తల మీద కూడిక గుర్తు ఉన్నది, 1930ల నడుమనే వాడుకలోకి వచ్చింది. 1928 నాటిదని చెప్పే గిటారు ట్యూనింగ్ కీలకు ఆ స్క్రూలుంటే కీలు తరువాత మార్చారన్నమాట. మార్చడం నేరం కాదు, కానీ ధరలో తగ్గింపు ఉంటుంది. పాత కీల కింద చెక్క మీద పడిన నీడ, కొత్త కీల ఆకారానికి సరిపోకపోతే అది కూడా సాక్ష్యమే.

ఇప్పుడు వెల. పాత గిటారుకు వెల నిర్ణయించేది ఎవరు చేశారు, ఎంత అరుదు, ఎంత బాగా మోగుతుంది అన్నవే అనుకుంటారు. అవన్నీ నిజమే, కానీ ఒకే మోడల్ గిటార్లు రెండు పక్కపక్కన పెట్టినప్పుడు ధరను సగానికి సగం మార్చేది ఎంతమంది చేయి పెట్టారన్న ఒక్క విషయమే. మళ్లీ రంగు వేసిన గిటారుకు అసలు పూత ఉన్నదాని ధరలో సుమారు సగమే వస్తుందని ఈ వ్యాపారంలో పాత లెక్క. తల విరిగి అతికినదానికీ దాదాపు అంతే. పికప్ కోసం చెక్కిన పలకకు కంత కోసి ఉంటే అంతకన్నా ఎక్కువే పోతుంది, ఎందుకంటే రంగు తీసి మళ్లీ వేయవచ్చు గానీ కోసిన చెక్క మొలవదు.

నా తప్పు ఒకటి చెబుతాను. ఇరవై మూడేళ్ల వయసులో, కర్నూలు నుంచి ఒక చర్చి వాళ్లు పంపిన పాత గిటారు నా చేతికి వచ్చింది. పూత మీద సాలెగూడు లాంటి సన్నని పగుళ్లు, మసి, ముట్టుకుంటే జిడ్డు. తుడిస్తే మెరుస్తుందనుకుని గుడ్డకు థిన్నర్ అద్ది రుద్దాను. నైట్రో సెల్యులోజ్ లాకర్ అనే పాత పూత థిన్నర్‌లో కరుగుతుందని అప్పటికి నాకు తెలియదు. మూడోసారి రుద్దేసరికి గుడ్డకు అంటింది మసి కాదు, తేనె రంగు. అరచేయంత మేర చెక్క తెల్లగా బయటపడింది. నేను మురికి అనుకున్న ఆ పగుళ్లే దాని వయసుకు జన్మపత్రిక. అప్పటినుంచి నా నియమం: పొడి గుడ్డ, అవసరమైతే కొంచెం తడిపి గట్టిగా పిండిన గుడ్డ, అంతే. స్పిరిట్, థిన్నర్, కారు పాలిష్, కొబ్బరినూనె ఏదీ వద్దు. పూత అసలుదా కాదా అని తేల్చడానికి రుద్దనవసరం లేదు. నోట్లు పరీక్షించే అల్ట్రావయొలెట్ లైటు చీకటి గదిలో పట్టండి. ముదిరిన నైట్రో లాకర్ పసుపు కలిసిన ఆకుపచ్చగా వెలుగుతుంది, తరువాత పూసిన మచ్చలు వేరే రంగులో నల్లగానో నీలంగానో విడిగా కనబడతాయి.

పూత కన్నా ముందు చచ్చిపోయేది పిక్‌గార్డ్, అంటే మీటేటప్పుడు పలక మీద గీతలు పడకుండా అమర్చే రేకు. తాబేటి చిప్పలా కనబడే ఆ గోధుమరంగు రేకు అసలు తాబేలుది కాదు, సెల్యులాయిడ్. అది ముసలిదైతే ఆమ్లపు ఆవిరి వదులుతూ ముక్కలుగా రాలిపోతుంది. ఆ ఆవిరి మూసిన పెట్టెలో దగ్గర ఉన్న లోహాన్ని తింటుంది. ఈ గిటారు పెట్టె తెరవగానే ఘాటైన పుల్లటి వాసన వచ్చింది. టెయిల్‌పీస్ మీద, పిక్‌గార్డ్ వైపున మాత్రమే, పచ్చటి తుప్పు పట్టింది. అవతలి వైపు బాగానే ఉంది. అలాంటి పిక్‌గార్డ్‌ను వెంటనే విప్పి గిటారుకు దూరంగా పెట్టాలి. పారేయకూడదు. రాలిన ముక్కలతో సహా కాగితం కవరులో దాచాలి, ఎందుకంటే కొత్తది కోసేటప్పుడు కొలత అదే, అమ్మేటప్పుడు అసలు భాగం ఉందనడానికి సాక్ష్యమూ అదే.

మన సీమ ఎండ కూడా ఈ లెక్కలో ఉంది. ఈ వాద్యాలను అతికించింది జంతువుల తోలు ఉడికించి తీసిన జిగురుతో, మన పాత వడ్రంగులు వజ్రం అని పిలిచేది అదే. అది వేడికి మెత్తబడుతుంది. మే నెలలో తలుపులు మూసిన కారులో వదిలిన గిటారు నెక్ ముందుకు వాలడానికి ఒక మధ్యాహ్నం చాలు. గాలిలో తేమ పోయినప్పుడు చెక్క ముడుచుకుని పక్కల అతుకులు విచ్చుతాయి. వేళ్లతో చుట్టూ తడుతూ వెళితే విచ్చినచోట శబ్దం మారుతుంది. విచ్చిన అతుకు పెద్ద నష్టం కాదు, అది తిరిగి అతుకుతుంది. ఎపాక్సీ పూసి అతికిస్తేనే నష్టం, దాన్ని మళ్లీ ఎవరూ శుభ్రంగా విప్పలేరు. అసలు భయపడాల్సింది బ్రిడ్జి కింద పలక కుంగడం. అడుగు వైపు నుంచి కన్ను పలక మట్టానికి తెచ్చి చూడండి, ఉబ్బు సాఫీగా ఉందా, బ్రిడ్జి కాళ్ల దగ్గర గుంట పడిందా అని. ఇక నేను గుర్తుపెట్టుకోమన్న సంగతి: పరీక్షించే ఉత్సాహంలో తీగలన్నీ ఒకేసారి విప్పితే అతికించని బ్రిడ్జి జారిపోతుంది. ఇప్పటికే జారి ఉంటే, నట్ నుంచి 12వ మెట్టుకు ఉన్న దూరమే 12వ మెట్టు నుంచి బ్రిడ్జికి ఉండాలని కొలిచి పెట్టండి. దాదాపు సరిపోతుంది, తక్కినది చెవి చెబుతుంది.

మన దేశపు పాత గిటార్లలో ఇంకొక మార్పు కనబడుతుంది, హవాయి పద్ధతికి తిప్పడం. నట్ మీద ఎత్తు పెంచే ముక్క తొడిగి, తీగలను మెట్లకు అందనంత పైకి లేపి, ఒళ్లో పెట్టుకుని ఉక్కు కడ్డీతో జార్చి వాయిస్తారు. మెట్లు కొత్తవాటిలా అరగకుండా ఉండి, నట్ గాళ్లు మాత్రం చెడి ఉంటే ఆ గిటారు అలా బతికిందని అర్థం. బ్రిజ్ భూషణ్ కాబ్రా గారు హిందుస్థానీ రాగాలు పలికించింది సాక్షాత్తు గిబ్సన్ సూపర్ 400 మీద, నట్ ఎత్తించి, శృతి తీగ అదనంగా చేర్చి. విశ్వమోహన్ భట్ గారి మోహనవీణ కూడా ఆర్చ్‌టాప్ నుంచే పుట్టింది, 1994లో గ్రామీ దాకా వెళ్లింది. వెలకట్టే పుస్తకం ప్రకారం నెక్ పక్కన బిరడాల కోసం వేసిన ప్రతి కన్నమూ నష్టమే. ఆ సంగీతం విన్నవాడిగా మాత్రం ఆ పుస్తకం మీద నాకు కొంచెం కోపం ఉంది.

అంకెలు అడుగుతారని తెలుసు. అడిగే ధర వేరు, అమ్ముడైన ధర వేరు. ఇంటర్నెట్‌లో మీకు కనబడేవి ఎక్కువగా మొదటివి, నెలల తరబడి అమ్ముడుకాక వేలాడుతున్నవి. అమ్ముడైపోయిన వాటిని మాత్రమే వడపోసి, అదే మోడల్, అదే స్థితి ఉన్నవి కనీసం నాలుగైదు చూడాలి. హార్మొనీ, కే లాంటి చికాగో ఫ్యాక్టరీల ప్లైవుడ్, నొక్కుడు పలక ఆర్చ్‌టాప్‌లు అమెరికాలో నేటికీ చాలావరకు కొన్ని వందల డాలర్లలోనే దొరుకుతాయి. నెక్ విప్పి తిరిగి బిగించే మరమ్మతు ఖర్చే ఆ ధరను మింగేస్తుంది. లోర్ సంతకం ఉన్న ఎల్-5, డి'ఆంజెలికో చేతి గిటారు పదుల వేల డాలర్లు. ఈ రెంటి నడుమ ఉన్న విశాలమైన మైదానంలోనే మనకు తారసపడేవన్నీ ఉంటాయి. ఇంకొక మాట, జాజ్ వాయించేవాళ్లు తగ్గేకొద్దీ ఆర్చ్‌టాప్‌లకు గిరాకీ మెత్తబడింది. పాతది కాబట్టి ఏటేటా పెరుగుతుందనే లెక్క బంగారానికి చెల్లుతుందేమో, దీనికి చెల్లదు.

విదేశానికి అమ్మదలచుకుంటే చట్టం తెలుసుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం కింద వందేళ్లు దాటిన కళావస్తువు దేశం దాటకూడదు. తొలినాటి ఆర్చ్‌టాప్‌లు ఇప్పుడు ఆ గీత దాటుతున్నాయి. బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడిన భాగాలుంటే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం 1992 నుంచి కఠినమైన అనుమతులు కావాలి. కాగితాలు లేకుండా పార్శిల్ చేసి, అవతలి కస్టమ్స్‌లో గిటారు పోగొట్టుకోవడం కన్నా ఇక్కడే తక్కువకు అమ్ముకోవడం మేలు.

ఈ గిటారు సంగతికి వస్తే, పలక పైన ఒంటి స్ప్రూస్ కాదు, ప్లైవుడ్, పూత అసలుది, కీలు అసలువి, పిక్‌గార్డ్ కవరులో ఉంది, ఎడమ పక్కన రెండంగుళాల అతుకు విచ్చింది, తల మీద రాత తరువాతిది. మనవడికి నేను రాసిచ్చిన కాగితంలో 45,000 నుంచి 60,000 రూపాయల మధ్య అని వేశాను, రాత తుడవద్దని కూడా రాశాను, ఎందుకంటే తుడిచే థిన్నర్ దాని కింది పూతనూ తీసుకుపోతుంది. ఆ అబ్బాయి కాగితం చదువుకుని, "ఆ పేరు మా తాత రాయించిందే అన్నా, బెజవాడ నుంచి వచ్చిన పెయింటరు రాసిచ్చినాడని మా అవ్వ చెప్తాండె" అన్నాడు. ఆ మాటనూ కాగితం కింద చేర్చి, వాళ్ల అవ్వ చేత సంతకం పెట్టించుకు రమ్మన్నాను; తల మీది పేరు ఎలా వచ్చిందో రాతపూర్వకంగా ఉంటే, రేపు కొనేవాడు దాన్ని మోసమని తోసిపుచ్చలేడు. ఆమె పెట్టిన సంతకం ఇదిగో, పెట్టె జేబులోనే ఉంది. ఇక ఒక్కొక్కరుగా వచ్చి టార్చి పట్టుకుని ఎఫ్ రంధ్రం అంచు చూడండి. ఉంగరాలు, గడియారాలు తీసి రండి.